కొండ దిగిన కంచె

మా నాయనకు జీవితంలో ఒకే ఒక్క పెద్ద కోరిక ఉండేది. మోక్షం కాదు. తిరుపతిలో పుట్టి, పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా కొండ కనబడే మనిషికి మోక్షం మీద పెద్ద మోజు ఉండదు. అది ఎట్లాగూ మన పేటదే కదా, ఎక్కడికి పోతుందిలే అన్న ధీమా. ఆయనకు కావలసింది ఇంటి ముందు ఒక కంచె. పైన బల్లపరుపుగా, పక్కల తిన్నగా, కత్తెరతో కత్తిరించిన పచ్చటి కంచె.

ఈ జబ్బు ఆయనకు చిత్తూరులో అంటుకుంది. డెబ్బైల మొదట్లో అనుకుంటాను, మా ఇత్తడి సామాన్ల అంగడి పని మీద ఎవరో ఆఫీసరును కలవాలని పోయి, ఆయన బంగళా బయట పొద్దంతా కూర్చున్నాడు. ఆఫీసరు దర్శనం కాలేదు. కొండ మీద స్వామి అయినా ఎప్పుడో ఒకప్పుడు దర్శనం ఇస్తాడు గానీ ఆఫీసర్లకు అంత తీరిక ఎక్కడిది! పని లేక కూర్చున్న మనిషి ఎదురుగా ఉన్న కంచెను చూసి చూసి దాని మీద మనసు పారేసుకున్నాడు. తోటమాలిని అడిగితే దాని పేరు ప్రివెట్ అనీ, కొండల మీది అడవుల్లో పెరుగుతుందనీ చెప్పి ఒక కొమ్మ తుంచి ఇచ్చాడట. ఆ కొమ్మను తడి రుమాలులో చుట్టి, పాకాల మీదుగా రైల్లో, ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. మమ్మల్ని ఏ ఊరి నుంచీ అంత భద్రంగా తెచ్చిన గుర్తు లేదు నాకు.

"సూడండి. పెద్ద పెద్ద ఆఫీసర్ల ఇండ్ల ముందర ఉండేది ఇదే. మన ఇంటి ముందర గూడా ఉండాల," అన్నాడు.

మా అమ్మ ఆ వాడిన కొమ్మను అటూ ఇటూ తిప్పింది. "కూరకు పనికొస్తాదా?"

"రాదు."

"మందుకు?"

"రాదు."

"మేకలన్నా తింటాయా?"

నాయన కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. మా ఇంట్లో మగవాళ్లకు జవాబు తోచనప్పుడల్లా కాళ్లు మురికి అవుతాయి.

కొండ అడవి నుంచి కట్టెల మోపు తెచ్చి అమ్మే ఆమె ఒకతె మా వీధికి వచ్చేది. నాయన ఆమెకు కొమ్మ చూపించాడు. "ఇదా సామీ, మేము నడిసే దోవలోనే ఉండాది," అని, తర్వాత కట్టెలతో పాటు ఆ జాతి మొక్కలు నాలుగైదు తెచ్చి పడేసింది. ఇంకో వారం ఇంకొన్ని. గేటు దగ్గర నుంచి వీధి మూల దాకా తాడు కట్టి, ఆ తాడు కిందనే వరసగా నాటించాడు నాయన. మా చదువుల కోసం ఆయన అంత తిన్నగా ఏదీ చేయించలేదు.

వాటికి నీళ్లు పోసింది మాత్రం మా అత్త. మా నాయన చెల్లెలు. పాకాలలో రైల్వే ఉద్యోగం చేసే ఆయనకు ఇచ్చి పెండ్లి చేశారు. కాపురం బాగా కుదురుకుంటున్నదనగా ఆయన జ్వరం వచ్చి పోయాడు. చిన్న వయసులోనే అన్న ఇంటికి తిరిగి వచ్చేసింది. నాకు ఊహ తెలిసేటప్పటికే ఆమె మా ఇంట్లో ఒక మనిషి. పొద్దున అందరికంటే ముందు లేచే మనిషి.

ఆమె చేతికి పూలంటే ఎంత అలవాటో చెప్పలేను. మధ్యాహ్నం పనులు ముగిసినాక అరుగు మీద కూర్చుని, పక్కన తడిపిన అరటినార పెట్టుకుని, మాట్లాడుతూనే మల్లెలు, కనకాంబరాలు కట్టేసేది. చూపు పూల మీద ఉండేది కాదు. మూర దండ కట్టి ముడి వేసేదాకా ఆమె కడుతున్నట్టే మనకు తెలియదు. ఆమె కట్టిన దండలో ఒక్క పువ్వు జారదు. అందుకని మా వీధి ఆడవాళ్లంతా పూలు కొని నేరుగా ఆమె ఒడిలో పోసేవాళ్లు. పెండ్లిళ్లకు, సీమంతాలకు, వరలక్ష్మీ వ్రతాలకు అన్నింటికీ ఆమె చేతి దండలే. అయితే ఆ దండ పట్టుకుని ఆమే పెండ్లి పందిట్లోకి పోకూడదు. కట్టే చేతులకు లేని మైల, పెట్టుకునే తలకు వస్తుంది. పూలు మాత్రం ఆ చేతులను అసహ్యించుకోవు. ఈ లెక్క పెట్టిన మహానుభావులెవరో గానీ, వాళ్ల ఇంట్లో దండలు ఎవరు కట్టేవాళ్లో కనుక్కోవాలని నాకు భలే కోరిక.

నేను హైస్కూల్లో ఉండగా ఒక మధ్యాహ్నం, నా జడకు కనకాంబరాలు కుట్టినట్టుగా పెట్టి పిన్నులు గుచ్చుతూ ఉన్నట్టుండి అనింది:

"పాపా, నాకు పూలు పెట్టుకోవాలని ఉండాది మే."

దానికి ముందూ వెనకా ఏమీ లేదు. ఏడుపు లేదు. ఆకలేస్తున్నది అన్నట్టు చెప్పింది.

"పెట్టుకో అత్తా, ఎవురేం సేస్తారు?" అన్నాను.

"సేసేదేమీ లేదు, సూస్తారు. అది సాలదా?" అని నవ్వి, నా తల ముందుకు తోసింది. "నిటారుగా కూర్సో. జడ వంకర పోతా ఉండాది."

అంతే. మళ్లీ ఎప్పుడూ అనలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమె ఒడిలో పూలు చూస్తే చూపు పక్కకు తిప్పుకునేదాన్ని. తలలో పూలు పెట్టించుకోవడానికి ఆమె ముందు కూర్చోవాలంటే సిగ్గయ్యేది.

కంచె మాత్రం దివ్యంగా పెరిగింది. ముదురాకుపచ్చ రంగు, నూనె రాసినట్టు మెరిసే చిన్న చిన్న ఆకులు. నాయన మద్రాసు నుంచి ఎవరి చేతనో పెద్ద కత్తెర తెప్పించాడు. ఆదివారం పొద్దున బనియనుతో కంచె ముందు వంగి, ఒక కన్ను మూసి, తాడు పట్టి, చిగురు వేయగానే కత్తిరించేవాడు. దారిన పోయేవాళ్లు ఆగి "ఏమప్పా, బంగళా మాదిరి సేసినావే!" అంటే ఆ వారమంతా మా ఇంట్లో పండగ. అలా చిగురు తొడిగినప్పుడల్లా కత్తిరించబట్టి ఆ మొక్క పూస్తుందన్న సంగతే మాకు ఎవరికీ తెలియదు.

తెలియడానికి నాయన చెయ్యి విరగాల్సి వచ్చింది. అంగడిలో అటక మీది బిందెలు తీయబోయి నిచ్చెన మీద నుంచి పడ్డాడు. పుత్తూరు పోయి కట్టు కట్టించుకుని వచ్చాడు. వెదురు బద్దలు, మెడకు వేలాడే గుడ్డ, కట్టు విప్పేదాకా ఏ బరువూ ఎత్తకూడదన్న పథ్యం. కత్తెర మూల పడింది. కంచె తల ఎత్తింది. ఎండాకాలం ముదిరేటప్పటికి కొమ్మ కొమ్మ చివరా తెల్లటి సన్న పూల గుత్తులు! ఒక్కొక్క పువ్వు బియ్యం గింజంత. వాసన మాత్రం వీధంతా. అత్త ఆ పొద్దున ముగ్గు వేయడానికి బయటికి పోయి, చాలాసేపటికి గానీ లోపలికి రాలేదు. ముగ్గు వేయడమే మర్చిపోయింది.

మొదట పరుగెత్తుకొచ్చింది మా ఎదురింటామె. వీధిలో ఎవరు ఏం తిన్నారో, ఎవరు ఎవరితో మాట్లాడారో, ఎవరి తులసికోటకు పసుపు తగ్గిందో అన్నీ ఆమె చూసుకునేది. జీతం లేని ఉద్యోగం, పాపం. వచ్చీ రాగానే ఒక గుత్తి తుంచి జడలో దోపుకుంది.

"ఎంత బాగుండాది మే వాసన! యాడిదమ్మా ఈ సెట్టు?"

"కొండది," అంది మా అమ్మ, ఏ పాపమూ తెలియకుండా. "కట్టెలామె తెచ్చింది గదా."

జడలో నిప్పు పడినట్టు ఎదురింటామె చెయ్యి అక్కడికి పోయింది. గుత్తిని పీకి రెండు చేతుల్లో పెట్టుకుని కండ్లకద్దుకుంది. "కొండ పువ్వా! ముందే సెప్పొద్దా? సామి పువ్వు గదమ్మా ఇది! నా సేత ఎంత పాపం సేపిచ్చినావు!"

తిరుపతిలో ఈ సంగతి పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. కొండ మీద పూసే పువ్వంతా స్వామిది. అక్కడ ఏ ఆడమనిషీ తలలో పూలు పెట్టుకోదు. కొండకు పోయేవాళ్లు అలిపిరిలోనే తీసి పెట్టేస్తారు. కొత్త పెండ్లికూతురైనా సరే, కొండ మీద తల బోడిదే. బాగానే ఉంది. కానీ చెట్టు కొండ దిగి మా వీధికి కాపురానికి వస్తే ఏమిటన్నది ఎవరూ ఆలోచించి పెట్టలేదు. ఆ లోటు మా వీధి తీర్చింది.

సాయంత్రానికి అరుగు మీద పెద్ద సభ. అలిపిరి దాటి ఇవతలికి వచ్చేసింది కాబట్టి ఆ కట్టుబాటు వర్తించదని ఒకామె వాదించింది. "మనుషులకు అలిపిరి. సామి సొత్తుకు అలిపిరేంది, మద్రాసు పోయినా అది సామిదే," అని ఎదురింటామె తీర్పు చెప్పింది.

"మరి కొండ కట్టెలతో వంట సేసుకుంటా ఉండారు గదా?" అన్నాను నేను.

"సదువుకుంటా ఉండావని నోరు పెంచొద్దు," అని అమ్మ నా తొడ మీద గిల్లింది. శాస్త్ర చర్చలో ఆడపిల్లకు దక్కే సన్మానం అంతే.

చివరికి వీధి చివర వినాయకుడి గుడి పూజారిని పిలిపించారు. ఆయన పువ్వును ఆమడ దూరం నుంచి చూసి, పేరు అడిగాడు. నాయన కట్టు చేతిని ఎత్తి పట్టుకుని, గర్వంగా, "ప్రివెట్" అన్నాడు. ఆ పేరు తాను ఏ శాస్త్రంలోనూ చూడలేదు కాబట్టి పూజకు పనికిరాదన్నాడు పూజారి. మరి తలలో పెట్టుకోవచ్చా అంటే, కొండది కాబట్టి కూడదు. పోనీ కత్తిరించవచ్చా అని నాయన బిక్కమొహం వేసి అడిగాడు. పూసిన చెట్టు, అందులోనూ కొండ చెట్టు, ఇనుము తగిలిస్తే మహాదోషం. తీర్పు చెప్పి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఆ కాఫీ గింజలూ ఏదో కొండ మీద పండినవే కదా అని నేను అనబోయాను గానీ, తొడ ఇంకా మండుతూ ఉండింది.

అలా ఆ పువ్వు దేవుడికి కాకుండా, మనుషులకు కాకుండా పోయింది. దానితో బాగుపడింది తేనెటీగలు. అవి శాస్త్రం చదువుకోలేదు.

నాయన చెయ్యి కుదురుకుంది గానీ కత్తెర పట్టే ధైర్యం రాలేదు. ఎదురింటి కిటికీ ఎప్పుడూ తెరిచే ఉండేది. మళ్లీ ఏడాదికి కంచె మనిషి ఎత్తు దాటి, నాలుగు దిక్కులకూ చేతులు చాపింది. గేటు పక్క మొదలుకు ఎవరో పసుపు పూశారు. ఇంకెవరో కుంకుమ పెట్టారు. ఒక శుక్రవారం చూస్తే కర్పూరం వెలుగుతున్నది. నాయన సొంత గేటులో చెప్పులు చేతబట్టుకుని దూరి పోయేవాడు. బంగళా కావాలనుకున్న పాపానికి గుడికి ధర్మకర్త అయి కూర్చున్నాడు.

అత్త మాత్రం ఆ పూలున్నన్నాళ్లూ పొద్దునే పోయి కంచె పక్కన నిలబడేది. రాలిన పూలు ఏరి గిన్నెలో నీళ్లు పోసి వేసుకుని, తన చాప తల దగ్గర పెట్టుకునేది. నన్ను చూస్తే ఏమీ దాచేది కాదు. "ఇది నా వాసన," అనేది. అంతకు మించి ఆమె ఆశపడుతున్నదేమిటో నాకు తెలుసు. తెలిసి ఏం చేయగలను?

మళ్లీ పూత వచ్చిన ఒక పొద్దున. నేను కాలేజీకి బయలుదేరి గేటు దగ్గర ఉన్నాను. అత్త తలస్నానం చేసి, ముడి వేసుకుని, మామూలుగా చెంబుతో నీళ్లు తెచ్చి వాకిట్లో చల్లింది. ముడి చుట్టూ తెల్లటి దండ. ఆ బియ్యం గింజంత పూలను అరటినారతో ఎప్పుడు కట్టిందో, ఎంతసేపు కట్టిందో! అంత అందంగా కట్టిన దండ ఆమె ఏ పెండ్లికూతురికీ ఇవ్వలేదు.

ఎదురింటి తలుపు దానంతటదే తెరుచుకున్నట్టు తెరుచుకుంది. "అయ్యయ్యో! ఏందిమే ఇది? నీకేమన్నా పిచ్చి పట్టిందా? మొగుడు పోయినదానివి తలలో పూలా? అందులో సామి పూలా?"

నలుగురు చేరారు. మా అమ్మ గడప మీదికి వచ్చి నిలబడింది. అత్త చెంబు కింద పెట్టి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మల్లెలు మీవి అన్నారు, ఇచ్చేస్తిని. కనకాంబరాలు మీవి, కట్టి ఇచ్చేస్తిని. ఇది దేవునికి పనికిరాదని పూజారి సెప్పె. మీకు పనికిరాదని మీరే సెప్తిరి. ఈ ఇంట్లో ఎవురికీ పనికిరానిదంతా నాకే గదా వచ్చేది? అడుగంటిన అన్నం నాదే, రంగు పోయిన సీర నాదే. ఎవురూ వద్దన్న పువ్వు మాత్రం ఇంకెవురిదని అడగతా ఉండారు?"

గొంతు పెంచలేదు. దండలు కడుతూ మాట్లాడినట్టే మాట్లాడి లోపలికి పోయింది. ఎదురింటామె వెనక్కి తిరిగి పోయి తలుపు వేసుకుంది. ఆమెను అంతకు ముందు అట్లా చూడలేదు నేను, భలే సంతోషమేసింది. అమ్మ ముఖం మాత్రం చూడలేకపోయాను. అడుగంటిన అన్నం ఎవరు వడ్డిస్తారో వీధికి తెలియదు గానీ, అమ్మకు తెలుసు కదా. ఆ మధ్యాహ్నం అమ్మ కుండలో పై అన్నం తీసి అత్తకు వడ్డించి, అడుగుది తన ఆకులో పెట్టుకుందట.

ఈలోగా శాస్త్రం కూడా ఊరికే కూర్చోలేదు. ఎదురింటామె పూజారి దగ్గరికి పరుగెత్తింది. సాయంత్రానికి కొత్త తీర్పు అంగడికే చేరింది. చెట్టు మైలపడింది, ఇక దాని మీద స్వామికి హక్కు లేదు, కత్తిరించవచ్చు, కత్తిరించాలి కూడా. నిన్నటి దాకా ఆకు తుంచితే దోషం, ఇవాళ తుంచకపోతే దోషం. ఒక్క విధవ మూరెడు దండ పెట్టుకుంటే ఏడుకొండలవాడు ఆస్తి వదులుకుని పోతాడట! ఆయనను ఇంత పిరికివాడిని చేసినందుకైనా వీళ్లకు పాపం తగలాలి.

నాయన అంగడి నుంచి వేళకంటే ముందే వచ్చాడు. కోపం లేదు ఆయన ముఖంలో. ఉంటే బాగుండేది. సిగ్గు ఒక పక్క, చాలా నాళ్లకు కత్తెర పట్టబోతున్న ఆత్రం ఒక పక్క. కత్తెరకు నూనె వేసి, పాత తాడు వెతికి కట్టి, గేటు వైపు నుంచి మొదలుపెట్టాడు. కరకర. పూల గుత్తులతో సహా కొమ్మలు వాకిట్లో పడుతున్నాయి. వీధి వాళ్లంతా అరుగుల మీద చేరి చూస్తున్నారు. "ఆ పక్క ఇంకా కొంచెం తగ్గించప్పా," అని సలహాలు కూడా. నేను ఏడుస్తున్నాను. ఎవరి మీద ఏడుపో తెలియక అందరి మీదా ఏడుస్తున్నాను.

నడిమి దాకా కత్తిరించేటప్పటికి అత్త వచ్చింది. దండ ఇంకా తలలోనే ఉంది, కొంచెం వాడింది. కత్తెర ముందు నిలబడలేదు, చెయ్యి పట్టుకోలేదు. అన్న పక్కన నిలబడింది.

"అన్నా, కొట్టేదైతే మొదలంటా కొట్టెయ్. ఇట్ట మీద మీద కత్తిరించి, బతకనిచ్చి, పూయనీకుండా పెట్టొద్దు. ఆ మాదిరిది ఈ ఇంట్లో ఒకటి ఉండాది, సాలు."

నాయన కత్తెర తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఆమె వైపు చూడలేదు. కంచె వైపే చూస్తూ, "నేను ఆ మాదిరి అనుకోలేదు మే," అన్నాడు. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు. చెల్లెలికి పెండ్లి చేసి పాకాలకు పంపిన అన్న గొంతు అది. కాళ్లు కడుక్కోవడానికి పోలేదు, అక్కడే నిలబడ్డాడు. అమ్మ మెట్లు దిగి వచ్చి ఆయన చేతిలో కత్తెర తీసుకుంది. "సాలు లెండి, లోపలికి రాండి," అంది. వీధి వైపు తిరిగి, "మీ ఇండ్లల్లో పొయ్యిలు లేవా?" అని అడిగింది. అందరి ఇండ్లల్లోనూ పొయ్యిలు ఉన్నాయని అప్పుడే గుర్తొచ్చినట్టుంది, అరుగులు ఖాళీ అయ్యాయి.

వీధి మమ్మల్ని వెలి వేసింది. అంటే, పూలు కట్టించుకోవడానికి రావడం మానేశారు. ఎవరికి వాళ్లే కట్టుకున్నారు. మధ్యాహ్నానికల్లా మా వీధంతా జారిపోయిన కనకాంబరాలే. ఆడవాళ్ల నిష్ఠ శ్రావణమాసం దాకా నిలిచింది. వ్రతం ముందు రోజు ఎదురింటామె బుట్టెడు పూలు తెచ్చి, ఎటో చూస్తూ, "కొంచెం కట్టియ్యి మే," అని అరుగు మీద పెట్టింది. అత్త కట్టి ఇచ్చింది. నేనైతే బుట్ట బోర్లించేదాన్ని.

ఆ తర్వాత ఆ కంచె పూసినప్పుడల్లా అత్త పెట్టుకునేది. పూత పోతే తల బోడిదే. మల్లెల జోలికి మాత్రం పోలేదు. అడిగితే, "నాకు నాది ఉండాది గదా," అనేది. నాయన గేటు నుంచి నడిమి దాకా ప్రతి ఆదివారం తాడు పట్టి, ఒక కన్ను మూసి, బల్లపరుపుగా కత్తిరించేవాడు. ఆ గుర్తు దాటి ఒక్క ఆకు ముట్టుకోలేదు. అవతలి సగం ఇష్టమొచ్చినట్టు పెరిగి, ఏటా తెల్లగా పూసేది. కొత్తగా వీధికి వచ్చినవాళ్లు, సగం బంగళా మాదిరి, సగం అడవి మాదిరి ఉండే ఆ కంచెను చూసి, ఇదేమి వింత అని మా అమ్మను అడిగేవాళ్లు.

"ఈ పక్క మా ఇంటాయనది," అనేది అమ్మ. "ఆ పక్క మా ఆడబిడ్డది."